మైకుసెట్టుకు అందని సగం

తెలుగులో సినిమా పాట మీద వచ్చినంత రాత మరే కళ మీదా వచ్చి ఉండదు. ఆ రాతనంతా పోగేసి చూస్తే మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది: రాసిందెవరు, పాడిందెవరు, రాగమేది? కవుల మీద పుస్తకాలున్నాయి, గాయకుల మీద ప్రత్యేక సంచికలున్నాయి, ఏ పాట మోహనమో ఏది కల్యాణో చెప్పే జాబితాలకు కొదవే లేదు. అదే పాటలో రెండు చరణాల మధ్య వయొలిన్లు ఏం చేశాయి, గొంతు కింద బేస్ గిటారు ఎటు నడిచింది, ట్రంపెట్‌ను అంతసేపు ఎందుకు ఆపి ఉంచారు అని అడిగినవాళ్లు అరుదు. పాట లేని చోట సన్నివేశం కింద నడిచే సంగీతానిది ఇంకా అన్యాయం. పరిశ్రమ దాన్ని ఆర్.ఆర్. (రీరికార్డింగ్) అంటుంది, సమీక్షకుడు ‘నేపథ్య సంగీతం ఫర్వాలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. దీని వెనక ఎవరూ పైకి గట్టిగా అనకపోయినా అందరూ నమ్మే అభిప్రాయం ఒకటుంది. బాణీయే అసలు సంగీతమనీ, ఆర్కెస్ట్రా, జాజ్ లాంటివి పరాయి సరుకనీ, పైన అద్దిన రంగులనీ. ఈ అభిప్రాయం నిలవదని నా వాదన. నిలవదనడానికి సాక్ష్యం మద్రాసు స్టూడియోల్లో ఎంత ఉందో, అక్కడికి మనుషుల్ని పంపిన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మిరప మైదానంలోనూ అంత ఉంది. బాణీ కట్టడం, దానికి వాద్యాలు కూర్చడం వేరువేరు పనులన్నది మన వాళ్లకు మొదటినుంచీ తెలిసిన సంగతే. ‘మాయాబజార్’ (1957)కు సాలూరి రాజేశ్వరరావు నాలుగు బాణీలు కట్టి తప్పుకుంటే, వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేసింది ఘంటసాల. ఆ నాలుగు పాటలను మెచ్చుకునేటప్పుడు మనం ఎవరి పనిని మెచ్చుకుంటున్నామో ఆగి ఆలోచించం.

ఎందుకు ఆలోచించమన్న దానికి సిద్ధాంతం కంటే ముందు ఒక యంత్రం జవాబు చెబుతుంది. నల్లరేగడి పల్లెల్లో ఒక తరం దాకా జనం సినిమా పాటను హాల్లో విన్నదానికంటే మైకుసెట్టులో విన్నదే ఎక్కువ. పెళ్లిపందిట్లో, రామాలయం ముందు, కోటప్పకొండ తిరునాళ్ల ప్రభల మీద, ఎన్నికల జీపు నెత్తిన అదే రేకు గొట్టం. ఆ గొట్టం గొంతును, సన్నాయిని, క్లారినెట్‌ను పొలాలు దాటిస్తుంది గానీ సుమారు 300 హెర్ట్జ్‌కు కిందున్న ధ్వనిని చాలావరకు మింగేస్తుంది. బేస్ గిటారు అడుగు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర, చెల్లో అడుగు తీగ 65 దగ్గర. అంటే పాటకు పునాది వేసిన వాద్యాలు మైకుసెట్టులో లేనట్టే. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం మీడియం వేవ్ మీద పాటను ఇంటింటికీ చేర్చింది. కానీ ఆ ప్రసారంలో పైకొస కూడా తెగిపోతుంది, తాళపు పళ్లెం మీద బ్రష్ రాపిడి లాంటి సన్నని చప్పుళ్లు చేరవు. అడుగూ పోయి, అంచూ పోయి జనానికి అందింది పాట నడుం మాత్రమే. హాల్లో పూర్తిగా వినపడేది కదా అనవచ్చు. సినిమాను రెండుసార్లు చూస్తే పాటను మైకులో రెండొందలసార్లు విన్నారు. చెవి అలవాటును నిర్ణయించింది రెండో లెక్కే. సంగీత దర్శకులకూ ఇది తెలిసే ఉంటుంది. పాత పాటల ఇంటర్లూడ్‌లలో క్లారినెట్, వేణువు, అకార్డియన్ లాంటి మధ్యస్థాయి వాద్యాలకు అంత పెత్తనం ఎలా వచ్చిందో ఆలోచిస్తే, గొట్టాన్ని దాటి బతకగలిగినవి అవేనని తోస్తుంది. మొత్తం మీద మన విమర్శకు దొరికిందే సగం పాట. ఆ సగమే సంగీతమనుకుని మనం సూత్రాలు కట్టుకున్నాం.

ఇక పరాయి సరుకన్న మాట. పలు వాద్యాలు, పలు గొంతులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఈ మైదానానికి సినిమా వచ్చాక తెలిసిన విషయం కాదు. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను తీసుకోండి. కథకుడి భుజాన తంబురా, వేళ్లకు అందెలు; ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరు రాజకీయం చెప్పడానికి, ఒకరు హాస్యానికి. కథకుడు పాదం విసిరితే వంతలు అందుకుంటారు. ఆ అందుకోవడంలో ఆలస్యం, తొందర, ఎదురుప్రశ్న, వెక్కిరింపు అన్నీ ఉంటాయి. కథ వేగం పెరిగినప్పుడు గుమ్మెట లయ కథకుడిని తరుముతుంది. అంటే లయ పక్కవాద్యంగా ఉండిపోకుండా కథలో పాత్ర అవుతుంది. ‘అగ్గిరాముడు’ (1954)లో నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథను ఈ దృష్టితో చూస్తే, నేపథ్య సంగీతం చెయ్యాల్సిన పని ముగ్గురు మనుషులు ఎలా చేస్తారో తెలుస్తుంది. ఒంగోలు పక్క కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చినమౌలానా నాదస్వరానిది ఇంకో దారి. చిలకలూరిపేట, కరవది ముస్లిం కుటుంబాల మేళంలో రెండు నాదస్వరాలు ఒకే రాగాన్ని పట్టుకుని కొద్దికొద్దిగా వేరుపడుతూ నడుస్తాయి. ఆ చిన్న తేడాలోనే మేళానికి మందం వస్తుంది.

పశ్చిమం నుంచి వచ్చినవి కూడా సినిమా కంటే ముందే వచ్చాయి. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరింది 1842లో. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు అదే శతాబ్దంలో స్థిరపడ్డారు. మిషన్ బడుల్లో, చర్చిల్లో ఆర్గన్, కోయిర్ వినిపించాయి. తెలుగు క్రైస్తవ కీర్తన రాగతాళాల్లోనే ఉండిపోయినా, ఒకే పాటను నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పాడడం ఈ నేలమీద వింత కాకుండా పోయింది. హార్మోనియం పద్యనాటకానికి ఊపిరి అయింది. పెళ్లిళ్లలో బ్యాండుమేళం దిగింది: క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ములు. న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ పుట్టింది కూడా ఇలాంటి కవాతు బ్యాండ్ల వాద్యాలతోనే అన్నది గుర్తుంచుకోవాలి. తేడా కూడా చెప్పాలి. మన బ్యాండులో అందరూ ఒకే బాణీని ఒక్కసారిగా వాయిస్తారు, జాజ్ బ్యాండులో ఎవరి దారి వాళ్లది. వాద్యం వచ్చింది, దానితో పాటు రావలసిన కూర్పు రాలేదు. ఆ కూర్పు స్టూడియో ద్వారా వచ్చింది.

వచ్చిన కొత్తలో అది ఒక నైతిక ముద్రగా వచ్చింది. 1945 నాటి ‘స్వర్గసీమ’ ఈ కథకు సరైన మొదలు. నాయకుడు, సంగీత దర్శకుల్లో ఒకరు నాగయ్య, రేపల్లె మనిషి. ఆయనను వలలో వేసుకునే రంగస్థల నటి భానుమతి, ఒంగోలు దగ్గరి దొడ్డవరం ఆడపడుచు. ఆమె పావురం పాటకు 1941 నాటి హాలీవుడ్ చిత్రం ‘బ్లడ్ అండ్ శాండ్’లోని స్పానిష్ తరహా పాట ప్రేరణ అన్నది ప్రసిద్ధమే. బాణీ ఎక్కడిదన్న చర్చతో ఆగిపోతే అసలు సంగతి జారిపోతుంది. ఆ విదేశీ ఛాయను ఇల్లాలికి ఇవ్వలేదు, ఇల్లు కూల్చే మనిషికి ఇచ్చారు. తర్వాత ఇరవై ఏళ్ల పాటు మన సినిమా ఈ పంపకాన్నే పాటించింది. వీణ కథానాయికది, శాక్సఫోన్ క్లబ్బు నర్తకిది. వేణువు ఊరిది, ట్రంపెట్ విలన్ స్థావరానిది. తాతినేని చలపతిరావు సంగీతం ఇచ్చిన ‘గూఢచారి 116’ (1966)తో ఈ గోడ కాస్త బీటలు వారింది. గూఢచారి కథలో నాయకుడు కూడా క్లబ్బులోకి వెళ్లాలి కదా, ఆ సంగీతం అతడిది కూడా కాక తప్పలేదు. ఆ నాయకుడు తెనాలి పక్క బుర్రిపాలెం వాడైన కృష్ణ. అయిదేళ్లకు ఆయనే టోపీ పెట్టి గుర్రమెక్కిన ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971)కు సంగీతం ఆదినారాయణరావు. ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ చేసిన మనిషి ఎన్నియో మొరికోనే దారిలోకి వచ్చి కౌబాయ్ సంగీతం చేశాడంటే, శాస్త్రీయం తెలిసినవాడికి ఇది కింది మెట్టు పని అన్న మాట అక్కడితో చెల్లదు. మొరికోనే దగ్గర నేర్చుకోవలసింది ఈల, గిటారు కాదు, పొదుపు. ఒక్క వాద్యం, చుట్టూ ఖాళీ. మన వాళ్లు ఈలను తొందరగా నేర్చారు, ఖాళీని అంత తొందరగా నేర్వలేదు.

అసలు పరీక్ష చక్రవర్తి దగ్గర వస్తుంది. కొమ్మినేని అప్పారావుగా పుట్టింది నాజర్ ఊరు పొన్నెకల్లులోనే. తొమ్మిదివందలకు పైగా చిత్రాలు చేసి, 2002లో కన్నుమూసేనాటికి తెలుగు మాస్ పాట అంటే ఏమిటో ఆయనే ఒక ఖాయమైన రూపం ఇచ్చి ఉన్నాడు. ‘యమగోల’ (1977), ‘వేటగాడు’ (1979), ‘కొండవీటి సింహం’ (1981) పాటలను మంచి హెడ్‌ఫోన్లలో వినండి. డ్రమ్‌సెట్, బాంగో, నడిచే బేస్ గిటారు, పాదానికీ పాదానికీ మధ్య దూసుకొచ్చే బ్రాస్ ముక్కలు. గాయకుడు ఒక పాదం అనగానే ఆ బ్రాస్ ఎదురు సమాధానం చెబుతుంది, ఒక్కోసారి గాయకుడు ముగించకముందే అందుకుంటుంది. కౌంట్ బేసీ జాజ్ బ్యాండులో రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరఖండం, చేసే పని ఇదే. బుర్రకథలో వంత చేసే పని కూడా ఇదే. చక్రవర్తి దీన్ని నాజర్ నుంచి తీసుకున్నాడని నేను అనడం లేదు. మద్రాసు స్టూడియోలో ఎం.ఎస్. విశ్వనాథన్ కాలానికే ఈ పద్ధతి నడుస్తోంది. నా మాట వినేవాడి గురించి. వంత అందుకోవడాన్ని తరాలుగా ఆనందించిన చెవికి బ్రాస్ అందుకోవడం పరాయిగా తోచలేదు. ఆ పాటలు జిల్లా కేంద్రాల్లోనే కాక మిరప కల్లాల్లో కూడా అంత తేలిగ్గా ఇమిడిపోవడానికి మాటలు, గొంతు ఎంత కారణమో ఈ కూర్పూ అంతే కారణం. పోల్చి చూడడానికి అదే మనిషి చేసిన రెండో పని ఉంది. ఒంగోలు ప్రాంతం నుంచే వచ్చిన మాదాల రంగారావు ‘ఎర్రమల్లెలు’ (1981)కూ, టి. కృష్ణ ‘నేటి భారతం’ (1983), ‘ప్రతిఘటన’ (1985)కూ సంగీతం చక్రవర్తే. వామపక్ష ప్రజానాట్యమండలి వారసత్వం మోస్తున్న ఆ చిత్రాలకూ, ఎన్టీఆర్ డ్యూయెట్లకూ వాయించింది ఒకే మద్రాసు బృందాల వాళ్లు. వాద్యమే పాట స్వభావాన్ని నిర్ణయించేదైతే రెండూ ఒకేలా ఉండాలి. అలా లేవు. ఎర్ర చిత్రాల పాటల్లో డప్పు ముందుకొస్తుంది, కోరస్ బరువు పెరుగుతుంది, బ్రాస్ తగ్గిపోతుంది. ఉన్న వాద్యాల్లో దేన్ని ఎక్కడ ఆపాలన్న నిర్ణయమే అక్కడ రాజకీయం.

ఇంత చెప్పాక ఆయన లోపమూ చెప్పాలి. ఏడాదికి పదుల చిత్రాలు చేసేవాడి దగ్గర ప్రతి కూర్పూ ఆలోచించి చేసినదై ఉండదు. ఎనభైల నడుమకు వచ్చేసరికి ఆ బ్రాస్ ముక్కలు రబ్బరు స్టాంపుల్లా తయారయ్యాయి. ఏ పాటలోదో తీసి ఏ పాటలో పెట్టినా తేడా తెలియదు. కానీ ఈ తీర్పు ఇవ్వడానికి కూడా ముందు కూర్పును వినాలి. ‘రణగొణ ధ్వని’ అని ఒక్క మాటతో కొట్టిపారేసిన నాటి విమర్శకులు, ఆయన మంచి కూర్పునూ చెడ్డ కూర్పునూ ఒకే బుట్టలో వేశారు.

ఈ వాదానికి అతి గట్టి ఎదురు సాక్షి కూడా ఈ మైదానం నుంచే వచ్చాడు. పెదపులివర్రులో పుట్టి, గుంటూరులో చదివి, వాహినీ స్టూడియోలో శబ్దగ్రాహకుడిగా బతుకు మొదలుపెట్టిన కె. విశ్వనాథ్. ఆయన ‘శంకరాభరణం’ (1980) సంప్రదాయ సంగీతాన్ని పాశ్చాత్యపు హోరు నుంచి కాపాడే కథ అని జనం ఎత్తుకున్నారు. గిటార్లతో అల్లరి చేసే కుర్రాళ్లకు శాస్త్రిగారు బుద్ధి చెప్పే సన్నివేశానికి చప్పట్లు కొట్టారు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. కె.వి. మహదేవన్ ఆ పాటలను తంబురా, మృదంగం, వయొలిన్‌లతో కచేరీ పద్ధతిలో రికార్డు చేయలేదు. వెనక మద్రాసు స్టూడియో వాద్యబృందం ఉంది, దాని ఇంటర్లూడ్‌లు ఉన్నాయి. రెండోది ఇంకా తమాషా. శంకరాభరణ రాగపు స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలే. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండుల బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేసింది ఈ రాగంలోనే, అదీ రెండు శతాబ్దాల కిందట. కాబట్టి ఆ పేరు పెట్టుకున్న సినిమాను పరాయి సంగీతంపై తీర్పుగా చదవడానికి రాగమే ఒప్పుకోదు. విశ్వనాథ్ కూడా అక్కడ ఆగలేదు. మూడేళ్లకే ‘సాగరసంగమం’ ఇళయరాజా చేతిలో పెట్టాడు, దానికి జాతీయ అవార్డు వచ్చింది. శబ్దం పట్టడం చేతితో నేర్చిన దర్శకుడు ఆర్కెస్ట్రాకు భయపడలేదు.

సంగీతపరంగా ఉన్న అభ్యంతరం మాత్రం తేలికగా కొట్టెయ్యదగ్గది కాదు. మన రాగానికి ప్రాణం గమకం. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. హార్మొనీలో కార్డ్ అంటే కొన్ని స్వరాలను ఒకేసారి ఒకచోట నిలబెట్టడం. ఊగే స్వరం కింద నిలిచిన కార్డ్ పెడితే రెండూ రాపిడి పెట్టుకుంటాయి, ఓడిపోయేది ఎప్పుడూ గమకమే. నిజమే. పియానో మీద కార్డులు దట్టించి గొంతును తిన్నగా పాడించిన పాటలు వందల్లో ఉన్నాయి, వాటిలో రాగం ఎముకల గూడే మిగిలింది. కానీ ఇది హార్మొనీ మీద తీర్పు కాదు, కార్డును ఇటుకలా వాడిన వాళ్ల మీద తీర్పు. ఇళయరాజా పద్ధతిలో గొంతు కింద ఇటుకలుండవు, వేరువేరు గీతలు నడుస్తాయి. గొంతు ఊగే చోట బేస్ షడ్జమం మీదో పంచమం మీదో నిలుస్తుంది, గొంతు నిలిచే చోట వయొలిన్లు కదులుతాయి. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగడం లాంటి మర్యాద అది. త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ (1986)లో ఆయన ఈ లెక్కను సినిమా అవసరం లేకుండా చేసి చూపించాడు. అన్ని రాగాలూ దీనికి ఒకేలా లొంగవన్నది మాత్రం ఒప్పుకోవాలి. కల్యాణి, శంకరాభరణం ఇచ్చినంత చోటు తోడి ఇవ్వదు. జాజ్ విషయంలో పరిస్థితి ఇంకా అనుకూలం. బ్లూస్ గాయకుడి మూడో స్వరం కూడా మన రెండు గాంధారాల మధ్య ఎక్కడో జారుతూనే ఉంటుంది, దాన్ని కార్డు కింద బతికించే ఉపాయం వాళ్లు నూరేళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. పాఠం తీసుకోవాలంటే మనం సింఫనీ కంటే ముందు అటు చూడాల్సింది.

ఇదంతా సొంత జిల్లాల గొప్ప చెప్పుకోవడమని ఎవరైనా అంటే, వాళ్లు చెప్పేదాంట్లో కొంత న్యాయం ఉంది. ఈ సంగీతాన్ని చేత్తో వాయించింది, కాగితం మీద నొటేషన్ రాసింది ఎక్కువగా తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు. ఇళయరాజాకు పాశ్చాత్య సంగీతం నేర్పిన ధన్‌రాజ్ మాస్టారు, అకార్డియన్ మంగళమూర్తి, డ్రమ్స్ నోయల్ గ్రాంట్ లాంటి వాళ్లు లేకుండా మన పాట లేదు. మైదానం ఇచ్చింది స్టూడియోను కాదు, స్టూడియోలో నిలబడి ఏం కావాలో చెప్పగల మనుషుల్ని. గుంటూరులో పుట్టిన ఎస్.పి. కోదండపాణి ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ (1967)తో బాలసుబ్రహ్మణ్యాన్ని పరిచయం చేశాడని అందరికీ తెలుసు. ‘కథానాయిక మొల్ల’ (1970)లో ఆయన వాద్యాలు ఎలా కూర్చాడో ఎవరూ రాయలేదు. తుళ్లూరు నుంచి ప్రజానాట్యమండలి మీదుగా వచ్చిన బి. గోపాలం ‘రంగులరాట్నం’ (1966)లో రాజేశ్వరరావుతో పేరు పంచుకున్నాడు. ఎవరి వాటా ఎంతో చెప్పాలంటే కూర్పును చదవాలి, మనం బాణీ దాటి చదవలేదు.

కీబోర్డులు వచ్చాక ఈ కథ మలుపు తిరిగింది. ముప్ఫైమంది వాయించేది ఒక్కడు వాయించగలిగినప్పుడు కూర్పు చౌకైపోయింది, దానితో ఆలోచనా పలచబడింది. మినహాయింపుల్లో ముందు చెప్పాల్సింది చక్రవర్తి కొడుకు శ్రీ గురించే. ‘మనీ’, ‘గాయం’ (1993), ‘సింధూరం’ (1997)లలో అతడు తండ్రి బ్రాస్ జోలికి పోకుండా గిటారు, ఖాళీ, మసక కార్డులతో పని చేశాడు. చేసినవి తక్కువే, అదీ మన నష్టమే. ఇటీవల ‘పెళ్లిచూపులు’ (2016), ‘బ్రోచేవారెవరురా’ (2019) చిత్రాల్లో వివేక్ సాగర్ జాజ్ పోకడను క్లబ్బు నుంచి బయటికి తెచ్చి మధ్యతరగతి ఇంటి సంభాషణ కింద పెట్టాడు. వీణకూ శాక్సఫోన్‌కూ మధ్య పాత పంపకం అలా సద్దుమణిగింది. భారీ చిత్రాల్లో మాత్రం సంగీతం మళ్లీ ముద్రగానే మారింది, ఈసారి ప్రాంతానికి. గుంటూరు అనగానే కారం, కారం అనగానే డ్రమ్ముల మోత. తమన్ సంగీతం ఇచ్చిన ‘గుంటూరు కారం’ (2024) ఆ సమీకరణానికి పేరులోనే ఆమోదం తెలిపింది. నాదస్వరం, బుర్రకథ, కోయిర్, బ్యాండుమేళం ఉన్న నేలకు ఒక్క దరువే గుర్తు కావడం సంగీత దర్శకుడి ఒక్కడి తప్పు కాదు. అడిగినవాళ్లకు అదే కావాలి.

ఇక చెయ్యాల్సిన పని చాలా మామూలుది. పాత గ్రామఫోన్ రికార్డు చీటీ మీద సినిమా పేరు, సంగీత దర్శకుడు, గాయకులు ఉంటారు, వాయించినవాళ్లు ఉండరు. అప్పటి మోనో రికార్డింగులో గొంతూ వాద్యాలూ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటాయి, ఎవరు ఎంత గట్టిగా వినపడాలన్నది మైకుకు ఎంత దూరంలో కూర్చోబెట్టారన్న దాన్ని బట్టి తేలేది. నిన్నమొన్నటి దాకా వాటిని విడదీసి వినే దారి లేదు. ఇప్పుడు గొంతును, బేస్‌ను, డ్రమ్ములను వేరుచేసే సాఫ్ట్‌వేర్ ఎవరి కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. పాత ఆప్టికల్ ట్రాకుల మీద అది తడబడుతుంది, తంబురా మోతను బేస్ అనుకుంటుంది, మృదంగాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అయినా ‘వేటగాడు’ లాంటి ఎనభైల ముంగిట పాటల్లో బేస్ గీత చాలావరకు విడిగా వస్తుంది. దాన్ని విని స్వరాలు రాయడానికి ఒక మనిషీ, ఒక పాటకు ఒక సాయంత్రమూ చాలు.